బైట్ల లెక్క ముందు, కోడ్ తరువాత: జీపీయూ ప్రోగ్రామింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

గ్రాఫిక్స్ ప్రాసెసర్లను, అంటే జీపీయూలను, బొమ్మలు గీయడానికీ పెద్ద లెక్కలు చేయడానికీ ఎలా ప్రోగ్రామ్ చేయాలో నేర్చుకుంటున్న పాఠకుల నుంచి వచ్చిన ఆరు ప్రశ్నలను ఈసారి తీసుకున్నాం. రెండో ప్రశ్నకు జవాబు కాస్త పొడవుగా ఉంటుంది. మిగిలిన ప్రశ్నలు అడిగినవారు కూడా దాన్ని చదవాలని మనవి, ఎందుకంటే అందులోని లెక్క వంటబడితే తక్కిన సందేహాల్లో చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

ప్రశ్న: మా నాన్నగారు కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదండీ. నేను జీపీయూ ప్రోగ్రామింగ్ నేర్చుకోగలనా? సీనియర్లలో కొందరు ముందు వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలో త్రిభుజం గీయమంటున్నారు, మరికొందరు లెక్కలకు వాడే కుడా అనే పద్ధతితో మొదలుపెట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?
ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని, కాకినాడ

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరు. మీ ల్యాప్‌టాప్‌లో విడి కార్డు లేకపోవచ్చు గాని జీపీయూయే లేదనుకోకండి. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ భాగాలు కూడా నిజమైన జీపీయూలే. ఇటీవలి సంవత్సరాల్లో వచ్చినవైతే వల్కన్‌నూ, బ్రౌజర్‌లో నడిచే వెబ్‌జీపీయూనూ చక్కగా నడుపుతాయి. కుడా మాత్రం ఎన్విడియా చిప్‌ల కోసం చేసినది కాబట్టి, దాని కోసం బ్రౌజర్‌లోనే కోడ్ నడిపించే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా ఇచ్చే ఎన్విడియా టీ4 కార్డును వాడుకోండి. అది అడిగినప్పుడల్లా దొరకదు, పని నడుమ తెగిపోతుంది కూడా, అయినా మొదటి కొన్ని నెలల అభ్యాసానికి చాలు.

ఇక ఏది ముందన్న విషయం. 2006కు ముందు జీపీయూతో లెక్క చేయించాలంటే సంఖ్యలను బొమ్మలో రంగులుగా మార్చి, తెర మీద ఒక దీర్ఘచతురస్రం గీస్తున్నట్టు నటింపజేసి, వచ్చిన రంగులను మళ్లీ సంఖ్యలుగా చదువుకోవలసి వచ్చేది. ఆ ఏడాది నవంబరులో ఎన్విడియా తెచ్చిన జీఫోర్స్ 8800 జీటీఎక్స్‌లో త్రిభుజాల మూలలను లెక్కించే భాగమూ, పిక్సెళ్ల రంగును లెక్కించే భాగమూ వేరువేరుగా కాక ఒకే రకమైన 128 చిన్న ప్రాసెసర్లుగా వచ్చాయి. వాటికి నేరుగా పని చెప్పే పద్ధతిగా 2007లో కుడా 1.0 విడుదలైంది. గ్రాఫిక్స్, కంప్యూట్ (లెక్కలు చేయించడం) అనే రెండు దారులూ ఈనాడు నడిచేది ఒకే యంత్రం మీద అని గుర్తుంచుకుంటే మీ సీనియర్ల వాదం అంత పెద్దదిగా కనిపించదు.

నా అభిప్రాయం మాత్రం ఇది: కంప్యూట్‌తో మొదలుపెట్టండి. వల్కన్‌లో మొదటి త్రిభుజం కనిపించేసరికి సుమారు వెయ్యి వరుసల కోడ్ రాయాలి, ఆ వెయ్యిలో జీపీయూ ఎలా ఆలోచిస్తుందో నేర్పేవి చాలా తక్కువ. దానికి బదులు ఒక రంగు ఫొటోను నలుపు తెలుపుగా మార్చే కెర్నెల్ రాయండి. కెర్నెల్ అంటే జీపీయూ మీద వేలాది థ్రెడ్‌లు, అంటే విడివిడి పని వరుసలు, ఒకేసారి నడిపే చిన్న ఫంక్షన్. 1920 × 1080 బొమ్మలో 20,73,600 పిక్సెళ్లుంటాయి. పిక్సెల్‌కు ఒక థ్రెడ్ చొప్పున, 16 × 16 థ్రెడ్‌లను ఒక బ్లాక్‌గా కట్టండి. అడ్డంగా 120 బ్లాకులు సరిగ్గా సరిపోతాయి. నిలువుగా 67.5 బ్లాకులు కావాలి, అర బ్లాకు అన్నది ఉండదు కాబట్టి 68 తీసుకోవాలి, దానితో బొమ్మ అంచు దాటి 15,360 థ్రెడ్‌లు మిగిలిపోతాయి. వాటిని పని చేయకుండా ఆపే ఒక్క షరతు మరచిపోతే ప్రోగ్రామ్ తనది కాని మెమరీలో రాస్తుంది. ఈ చిన్న అభ్యాసంలో గ్రిడ్ (బ్లాకులన్నీ కలిసిన అమరిక), బ్లాక్, థ్రెడ్, అంచు అన్నీ చేతికి వస్తాయి. ఆ తరువాత గ్రాఫిక్స్‌కు వెళ్లినప్పుడు ఫ్రాగ్మెంట్ షేడర్ మీకు పాత పరిచయంలా కనిపిస్తుంది, ఎందుకంటే అది కూడా పిక్సెల్‌కు ఒకసారి నడిచే ఇలాంటి ఫంక్షనే.

ప్రశ్న: కోటి సంఖ్యలున్న రెండు ఎరేలను (సంఖ్యల వరుసలను) కూడే కుడా ప్రోగ్రామ్ రాశాను. అదే పని సీపీయూ (కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్) మీద మామూలు లూప్‌తో తక్కువ సమయంలో అయిపోతోంది. వేల కోర్లున్న కార్డు ఓడిపోవడమేమిటి? నా కోడ్‌లో తప్పుందా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వరంగల్

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేకపోయినా ఈ ఫలితమే వస్తుంది. ఒక కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వేయండి.

ఒక్కో సంఖ్యకు 4 బైట్లు, కాబట్టి ఒక్కో ఎరేకు 4 కోట్ల బైట్లు. రెండు ఎరేలు చదివి మూడోది రాయాలి కనుక మొత్తం 12 కోట్ల బైట్లు కదలాలి. మీరు టీ4 కార్డు మీద నడుపుతున్నారనుకుందాం. దాని సొంత మెమరీ గరిష్ఠ వేగం సెకనుకు 320 గిగాబైట్లు, అంటే 32,000 కోట్ల బైట్లు. భాగిస్తే 0.375 మిల్లీసెకను వస్తుంది. కెర్నెల్ ఎంత చక్కగా రాసినా అంతకంటే త్వరగా పూర్తికాదు. అయితే ఆ సంఖ్యలు మొదట ఉన్నది కార్డులో కాదు, కంప్యూటర్ మెమరీలో. అక్కడి నుంచి కార్డుకు వచ్చే దారి 16 లేన్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0, దాని వేగం ఒక్కో దిశలో సెకనుకు సుమారు 1,600 కోట్ల బైట్లు. రెండు ఎరేలు పంపడానికి 5 మిల్లీసెకన్లు, ఫలితం తెచ్చుకోవడానికి మరో 2.5. అసలు పని 0.375 మిల్లీసెకనుదైతే ప్రయాణం 7.5 మిల్లీసెకన్లది!

ఇప్పుడు సీపీయూ వైపు చూడండి. రెండు చానళ్ల డీడీఆర్4-3200 మెమరీ గరిష్ఠంగా సెకనుకు 5,120 కోట్ల బైట్లు అందిస్తుంది. అవే 12 కోట్ల బైట్లకు 2.3 మిల్లీసెకన్లు పైచిలుకు. నిజజీవితంలో ఈ గరిష్ఠ వేగాలు ఏ పక్కనా పూర్తిగా అందవు గాని, పందెం ఎవరిదో కాగితం మీదే తేలిపోయింది. కూడవలసిన సంఖ్యలు ఇంట్లోనే ఉన్నప్పుడు వాటిని పొరుగూరు పంపి కూడించి తెప్పించుకోవడంలో లాభం లేదు.

ఇంకొక లెక్క కూడా చేయండి, ఇది ఇంకా ముఖ్యమైనది. టీ4 కార్డు సెకనుకు 8.1 లక్షల కోట్ల దశాంశ లెక్కలు చేయగలదని తయారీదారు ప్రకటించాడు. మీ ప్రోగ్రామ్ మెమరీని పూర్తి వేగంతో వాడుకున్నా సెకనుకు 2,667 కోట్ల కూడికలే జరుగుతాయి, అంటే ఆ ప్రకటిత శక్తిలో సుమారు మూడు వందల్లో ఒక వంతు. తక్కిన సమయమంతా కోర్లు సంఖ్యల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. 8.1 లక్షల కోట్లను 32,000 కోట్లతో భాగిస్తే 25 వస్తుంది: మెమరీ నుంచి తెచ్చిన ప్రతి బైటు మీద కనీసం 25 లెక్కలు చేసే పని దొరికితేనే ఈ కార్డు కోర్లకు చేతినిండా పని ఉంటుంది. మీ కూడికలో 12 బైట్లకు ఒక్క లెక్క ఉంది.

అలాంటి పని ఏదంటారా, 4096 × 4096 మాత్రికల గుణకారం తీసుకోండి. కదలవలసినవి 20.1 కోట్ల బైట్లు, చేయవలసినవి 13,744 కోట్ల లెక్కలు, అంటే బైటుకు 680 పైగా. ప్రతి సంఖ్యా 4096 సార్లు ఉపయోగపడుతుంది కాబట్టి, ఒకసారి తెచ్చుకున్నదాన్ని దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునేలా కెర్నెల్ రాయగలిగితే, పీసీఐ దారిలో అయ్యే 12.6 మిల్లీసెకన్ల ఖర్చు కూడా గిట్టుబాటవుతుంది. కృత్రిమ మేధ నమూనాలకు జీపీయూలు అంతగా కలిసిరావడానికి ప్రధాన కారణం వాటిలో అధిక భాగం మాత్రికల గుణకారమే కావడం.

మీరు సమయం ఎలా కొలిచారో కూడా చూసుకోండి. కెర్నెల్‌ను పిలిచిన వెంటనే అదుపు సీపీయూకు తిరిగి వచ్చేస్తుంది, పని ఇంకా అక్కడ జరుగుతూనే ఉంటుంది. పూర్తయ్యేదాకా ఆగి కొలవకపోతే వచ్చేది పిలుపు సమయమే గాని పని సమయం కాదు. పైగా మొదటి పిలుపులో కార్డును సిద్ధం చేసుకునే ఖర్చు కలిసిపోతుంది. ఒకసారి ఊరికే నడిపి, తరువాత పది సార్లు నడిపి, కుడాలో సమయం కొలిచే ఈవెంట్లతో కొలవండి. కెర్నెల్‌లో జరిగిన తప్పు తనంతట తాను బయటపడదు కనుక ప్రతి పిలుపు తరువాతా ఎర్రర్ కోడ్ అడిగి చూసే అలవాటు చేసుకోండి. అసలు నడవని కెర్నెల్‌ను బ్రహ్మాండమైన వేగం అనుకుని సంబరపడ్డవారిని నేను చాలామందిని చూశాను.

ప్రశ్న: సీపీయూలో ఒక్కో థ్రెడ్‌కు మాత్రికలోని ఒక్కో అడ్డు వరుస అప్పగించడం మంచి పద్ధతి అని నేర్చుకున్నాను. జీపీయూలో అదే చేస్తే చాలా నెమ్మదిగా ఉంది. నిలువు వరుస అప్పగిస్తే వేగం పెరిగింది. ఇది తలకిందులుగా లేదా?
ఎం.టెక్. విద్యార్థి, విజయవాడ

జవాబు: మీరు గమనించినది సరైనదే. థ్రెడ్ అన్న మాట రెండు చోట్లా ఒకటే కావడం వల్ల ఈ తికమక వస్తుంది. జీపీయూ థ్రెడ్‌లు ఒంటరిగా నడవవు; ఎన్విడియా కార్డుల్లో 32 థ్రెడ్‌లు ఒక వార్ప్‌గా కలిసి కదులుతాయి. పెళ్లిలో బంతి భోజనాన్ని తలచుకోండి. వడ్డించేవాడు ఒక వంటకం పట్టుకుని బంతి వెంట సాగిపోతాడు, పక్కపక్కనే ఉన్న విస్తళ్లలో అది క్షణాల్లో పడిపోతుంది. అదే 32 మందినీ ఊళ్లో 32 వీధుల్లో కూర్చోబెడితే ఎంత చురుకైనవాడైనా ఏం చేయగలడు? అడ్డు వరుసకొక థ్రెడ్‌ను పెట్టినప్పుడు, ఒకే క్షణంలో 32 థ్రెడ్‌లూ 32 వేరువేరు వరుసల్లోని సంఖ్యలను అడుగుతాయి. మెమరీ 32 బైట్ల ముక్కలుగా వస్తుంది గనుక, కావలసిన 128 బైట్ల కోసం 1,024 బైట్లు కదలాలి. నిలువు వరుస అప్పగిస్తే ఆ క్షణంలో 32 థ్రెడ్‌లూ ఒకే అడ్డు వరుసలోని పక్కపక్క సంఖ్యలను చదువుతాయి, 128 బైట్లకు నాలుగు ముక్కలు సరిపోతాయి. సీపీయూలో ఒక థ్రెడ్ కాలక్రమంలో ఏవి చదువుతుందో చూడాలి, జీపీయూలో పక్కపక్క థ్రెడ్‌లు ఒకే క్షణంలో ఏవి చదువుతాయో చూడాలి.

షరతుల విషయంలోనూ బంతి ఉపమానమే పనికొస్తుంది. ఒకే వార్ప్‌లో సగం థ్రెడ్‌లు ఒక శాఖలోకి, సగం మరో శాఖలోకి వెళ్తే రెండు శాఖలూ ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి, ఒకరు తింటున్నంతసేపు రెండోవారు ఆగవలసిందే.

దీని తరువాతి మెట్టుగా మాత్రిక అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చే కెర్నెల్ రాయండి. చదవడం పక్కపక్కన జరిగితే రాయడం దూరదూరంగా జరిగే చిక్కు అందులో ఉంది. 32 × 32 గడిని బ్లాక్‌కు చెందిన షేర్డ్ మెమరీలోకి తెచ్చి, అక్కడ దిశ మార్చి రాస్తే ఆ చిక్కు తీరుతుంది. షేర్డ్ మెమరీ 32 అరలుగా ఉండటం వల్ల, గడిని నిలువుగా చదివేటప్పుడు 32 థ్రెడ్‌లూ ఒకే అర ముందు బారులు తీరుతాయి; గడి వెడల్పును 33గా ప్రకటిస్తే సంఖ్యలు వేరువేరు అరల్లోకి జరిగిపోతాయి. వాడని ఆ ఒక్క నిలువు వరుస ఎందుకుందో సొంతంగా బొమ్మ వేసుకుని తెలుసుకున్న విద్యార్థికి ఈ యంత్రం సగం అర్థమైనట్టే.

ప్రశ్న: రెండు కోట్ల సంఖ్యలున్న ఎరేలో పరీక్ష కోసం అన్నీ 1.0 పెట్టి మొత్తం కూడించాను. జీపీయూ 2,00,00,000 ఇచ్చింది. సరిచూద్దామని సీపీయూ మీద అదే ఫ్లోట్ (దశాంశ సంఖ్య) రకంతో ఒకే లూప్‌లో కూడితే 1,67,77,216 వచ్చింది. రెండింటిలో ఏదో ఒకటి చెడిపోయిందా?
పాఠకుడు, తిరుపతి

జవాబు: ఏదీ చెడిపోలేదు. ఫ్లోట్‌లో సంఖ్యను దాచడానికి 24 బిట్ల ఖచ్చితత్వమే ఉంది. 2 ఘాతం 24 అంటే 1,67,77,216. అక్కడికి చేరాక పక్క సంఖ్యకు దూరం 2 అవుతుంది కాబట్టి 1 కలిపినా మొత్తం కదలదు. లూప్ మిగిలిన ముప్పై రెండు లక్షల పైచిలుకు సార్లూ శ్రమపడినా ఫలితం అక్కడే ఆగిపోతుంది. జీపీయూ మీద మీరు చెట్టు పద్ధతిలో, జంటలు జంటలుగా కూడించారు. అక్కడ ప్రతి దశలోనూ సుమారు సమానమైన సంఖ్యలే కలుస్తాయి కాబట్టి ఏదీ జారిపోలేదు. సరిచూడటానికి సీపీయూ మీద రెట్టింపు బిట్లున్న డబుల్ రకం వాడండి. మామూలు దశాంశాలతో చేసినప్పుడు కూడే వరుస మారితే చివరి అంకెలు మారడం సహజమని కూడా తెలుసుకోండి. రెండు ఫలితాలు అక్షరాలా సమానమా అని కాక, వాటి తేడా ఎంతలోపు ఉండాలో ముందే నిర్ణయించుకుని పరీక్షించాలి.

ప్రశ్న: వల్కన్‌లో ఒక కంప్యూట్ షేడర్ బొమ్మను మసకబార్చి ఇస్తే, దాన్ని ఫ్రాగ్మెంట్ షేడర్ తెర మీద చూపాలి. మిత్రుడి కంప్యూటర్లో బాగానే ఉంది, నా దాంట్లో ఒక్కోసారి చెత్త రంగులు వస్తున్నాయి. డ్రైవర్ లోపమంటారా?
ఆటల రూపకర్త, హైదరాబాద్

జవాబు: డ్రైవర్‌ను అనుమానించే ముందు రెండు పనుల నడుమ బారియర్, అంటే మొదటిది ముగిసేదాకా రెండోదాన్ని ఆపే ఆజ్ఞ, పెట్టారో లేదో చూడండి. 1992 నుంచి ఉన్న ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతిలో ఏ పని తరువాత ఏది జరగాలో చాలావరకు డ్రైవరే చూసుకునేది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన వల్కన్ ఆ బాధ్యతను ప్రోగ్రామర్‌కు అప్పగించింది. కంప్యూట్ పని ముందు, గీసే పని తరువాత వరుసగా రాసినంత మాత్రాన మొదటిది పూర్తయ్యాకే రెండోది మొదలవుతుందన్న హామీ లేదు. మొదటి దశలోని రాతలు ముగిసి, అవి రెండో దశ చదువుకు కనిపించాలని, బొమ్మ అమరిక రాయడానికి అనువైన రూపం నుంచి చదవడానికి అనువైన రూపానికి మారాలని మీరే చెప్పాలి. మీ మిత్రుడి కార్డులో అది అదృష్టవశాత్తు కుదిరింది, అంతే. వల్కన్ వాడకంలో తప్పులు పట్టే వ్యాలిడేషన్ లేయర్లను మొదటి రోజు నుంచే తెరిచి ఉంచండి, వాటిలో సింక్రొనైజేషన్ తనిఖీని విడిగా ఆన్ చేయాలి. రెండర్‌డాక్ అనే పరిశీలన సాధనంలో ఒక ఫ్రేమ్ పట్టుకుంటే ఏ దశలో బొమ్మ చెడిందో కళ్లారా చూడవచ్చు.

ప్రశ్న: మా కళాశాలలో జీపీయూ ఉన్న ప్రయోగశాల లేదు. అల్గారిథమ్స్ పాఠం చెప్పేటప్పుడు ఈ సమాంతర ఆలోచనను పిల్లలకు ఎలా పరిచయం చేయాలి? తెలిసిన అల్గారిథమ్‌లనే జీపీయూకు మార్చి చూపిస్తే సరిపోతుందా?
డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, నిజామాబాద్

జవాబు: సరిపోదండీ, కారణాన్ని మన హైదరాబాద్‌లో జరిగిన పనితోనే చెప్పవచ్చు. 2007లో అక్కడి ట్రిపుల్ ఐటీకి చెందిన పవన్ హరీశ్, పి.జె. నారాయణన్ పెద్ద గ్రాఫ్‌ల, అంటే గీతలతో కలిపిన శీర్షాల (బిందువుల) జాలాల, అల్గారిథమ్‌లను కుడాతో నడిపి పరిశోధన పత్రం ప్రచురించారు. 600 డాలర్ల 8800 జీటీఎక్స్ కార్డు మీద, కోటి శీర్షాలున్న గ్రాఫ్‌లో ఒక చోటి నుంచి అన్నింటికీ అతి దగ్గర దారులను 1.5 సెకన్లలో కనుక్కోగలిగారు. కుడా వచ్చిన ఏడాదే ఆ పని మన ఊళ్లో జరిగిందని మీ పిల్లలకు తప్పక చెప్పండి. వరుసగా చేసేటప్పుడు ఉత్తమమైన అల్గారిథమ్ కొన్ని సందర్భాల్లో జీపీయూ మీద అన్నింటికంటే వేగవంతమైనది కాదని కూడా వారు అందులో నమోదు చేశారు.

ఇదే విషయాన్ని ఏ యంత్రమూ లేకుండా తరగతి గదిలో చూపించవచ్చు. ఎనిమిది మంది పిల్లలను వరుసగా నిలబెట్టి 2, 5, 1, 4, 3, 6, 2, 7 అని రాసిన కాగితాలు ఇవ్వండి. ప్రతివారూ తమ వరకు ఉన్న మొత్తాన్ని కనుక్కోవాలి. మొదటి చప్పట్లకు ప్రతి ఒక్కరూ తమకు ఎడమవైపు ఒకటో వ్యక్తి సంఖ్యను కలుపుకోవాలి: 2, 7, 6, 5, 7, 9, 8, 9 అవుతుంది. రెండో చప్పట్లకు రెండు స్థానాల అవతలి సంఖ్యను కలపాలి: 2, 7, 8, 12, 13, 14, 15, 18. మూడోసారి నాలుగు స్థానాల అవతలిది: 2, 7, 8, 12, 15, 21, 23, 30. మూడు చప్పట్లలో పని పూర్తయింది. ఒక్కడే వరుసగా చేస్తే 7 కూడికలు, ఏడు అడుగులు. ఇక్కడ 17 కూడికలు, మూడు అడుగులు. పని పెరిగింది, కాలం తగ్గింది.

మొదటిసారి ఆడినప్పుడు తప్పు సమాధానం వస్తే ఆపకండి. ఎవరో ఒకరు పక్కవారు చూసుకోకముందే తమ కాగితం మీద పాత సంఖ్యను కొట్టేసి ఉంటారు. ఎవరి వల్ల తప్పిందో పిల్లలనే వెతకనివ్వండి, తరువాత ప్రతివారికీ రెండో కాగితం ఇచ్చి, అందరూ చదివేదాకా పాతది చెరపవద్దని చెప్పి మళ్లీ ఆడించండి.